ఫిర్యాదు చెయ్యని పన్ను

పన్ను మీద రాయడానికి ఏముంటుందయ్యా అంటారేమో మీరు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి, మొన్న సంక్రాంతికి మా వియ్యపురాలు పంపిన చేగోడీ కొరికేదాకా. ఫెళ్ళున ఏదో విరిగిన చప్పుడయింది. చేగోడీయే విరిగిందనుకుని ధీమాగా నమలబోయాను. తీరా చూస్తే చేగోడీ క్షేమంగానే ఉంది. విరిగింది నా కుడి దవడ కింది పన్ను.

డెబ్భై ఏళ్ళవాడికి ఒక పన్ను విరగడం పత్రికలకెక్కే వార్త కాదు. "మా వియ్యపురాలి మీద పెట్టకండి. ఆ పన్ను ఎప్పట్నించో పుచ్చిపోయి ఉంది" అని మా ఆవిడ తీర్పు చెప్పి, నన్ను పళ్ళ డాక్టరు దగ్గరికి తోలింది. డాక్టరమ్మ మా చిన్నమ్మాయి కంటే చిన్నది. మూడుసార్లు తిప్పుకుని, రూట్ కెనాల్ అని చెప్పి పంటి లోపలి నరం తీసేసింది. ఆ తర్వాత పన్నుని చుట్టూ అరగదీసి, మొక్కజొన్న గింజంత ముక్క మిగిల్చి, దీనికి తొడుగు వెయ్యాలంది. తొడుగంటే మనం క్యాప్ అంటామే, అది. వాళ్ళ భాషలో క్రౌన్. అంటే సాక్షాత్తూ కిరీటం. జన్మలో నాకెవరూ శాలువా అయినా కప్పిన పాపాన పోలేదు. ఇన్నాళ్ళకి కిరీటధారణ యోగం పట్టింది, అదీ ఎవరికీ కనపడని చోట!

కిరీటాల్లో రకాలున్నాయిట. ఉత్త లోహంతో చేసేది, లోహం మీద పింగాణీ కాల్చేది, జిర్కోనియాతో చేసేది. ధరలు అడిగి, మధ్య రకానికి వచ్చి, దాని మీద కూడా ఓ అయిదొందలు తగ్గించమని బేరమాడాను. బేరం నా జన్మహక్కు. ఈ బేరం సంగతి కాస్త గుర్తుంచుకోండి, ముందు దీనితో పని పడుతుంది.

డాక్టరమ్మ ఒక పళ్ళెంలో ముద్దలాంటి పదార్థం పెట్టి, నా నోట్లో నొక్కి, అచ్చు తీసుకుంది. వారం తర్వాత రమ్మంది. వెళ్ళాను. తళతళలాడుతున్న క్యాపు పెట్టెలోంచి తీసి పంటికి పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది. నీలం కాగితం కొరికించింది. పక్క పళ్ళ మధ్య దారం దూర్చింది. సూదిలాంటి పనిముట్టుతో క్యాపు అంచు చుట్టూ తడిమింది. పావుగంట ఈ తతంగం జరిగాక, "అంకుల్, ఇది సరిగ్గా కూర్చోలేదు. వెనక్కి పంపించేస్తున్నా" అంది.

నేను నాలికతో తడిమి చూసుకున్నాను. శుభ్రంగానే ఉన్నట్టుంది. మళ్ళీ ఇంకో వారం, మళ్ళీ ఆటో, మళ్ళీ ఒకవైపే నమలడం!

"కాస్త నొక్కితే కూర్చుంటుందేమోనమ్మా" అన్నాను.

"నొక్కితే కూర్చున్నట్టు కనిపిస్తుంది అంకుల్. కూర్చోదు."

"ఎలాగూ సిమెంటు పెడతారుగా. సందులుంటే అదే పూడుకుపోతుంది."

"పూడుతుంది. కానీ అంచు దగ్గర సిమెంటు మందంగా ఉంటే మెల్లిమెల్లిగా కరిగిపోతుంది. అక్కడ తిండీ, క్రిములూ చేరతాయి. లోపల మళ్ళీ పుచ్చడం మొదలవుతుంది. పైగా మీ పంటికి నరం తీసేశాం. పుచ్చినా మీకు నొప్పి తెలీదు. తెలిసేసరికి పన్ను చేతికొచ్చేస్తుంది" అంది ఆ పిల్ల, ఇక నాతో వాదన లేదన్నట్టు క్యాపుని పెట్టెలో పెట్టేస్తూ.

నరం లేని పన్ను ఫిర్యాదు చెయ్యదన్నమాట. ఆ మాట నన్ను పట్టుకుంది. ఎందుకు పట్టుకుందో అప్పుడు తెలియలేదు.

ఆ క్యాపులు చేసే ల్యాబు రెండు వీధుల అవతలే. ఊరికే ఇంటికి పోయి చేసేదేముంది కనక, అటు నడిచాను. తీరా చూస్తే ఆ ల్యాబు నడిపేవాడు నా పాత శిష్యుడే. పదో తరగతిలో నా దగ్గర లెక్కల్లో ఏనాడూ నలభై దాటనివాడు. "మాస్టారూ!" అంటూ లేచొచ్చి, స్టూలు తుడిచి కూర్చోబెట్టాడు.

గదంతా ప్లాస్టర్ దుమ్ము, కరిగిన మైనం వాసన, చిన్న చిన్న మోటార్ల రొద. అరల నిండా తెల్లటి, పసుప్పచ్చటి దవడలు. ఒక్కోదాని మీదా ఒక నంబరు. ఊళ్ళో సగంమంది పళ్ళు అక్కడ కూర్చుని నన్ను చూసి ఇకిలిస్తున్నట్టుంది. పేర్లు లేవు. ఏ పన్ను ఏ మునసబుగారిదో, ఏ కూరగాయలామెదో వాళ్ళకి తెలీదు. వాళ్ళకి అందరూ నంబర్లే.

మావాడు ఓపిగ్గా అంతా చూపించాడు. డాక్టరు పంపిన అచ్చులో గట్టి ప్లాస్టర్ లాంటి డై స్టోన్ పోసి దవడ నమూనా చేస్తారు. సన్నటి రంపంతో కోసి, తొడుగు వెయ్యాల్సిన పన్నుని విడిగా బయటికి తీసేట్టు చేస్తారు. దాన్ని డై అంటారు. దాని మీద మైనంతో పన్ను మలుస్తారు. ఆ మైనప్పన్ను చుట్టూ మూస పోసి, కొలిమిలో పెడితే మైనం కరిగి కాలి మాయమైపోతుంది. అది ఖాళీ చేసిన చోట కరిగిన లోహం పోస్తారు. మైనం పోయి లోహం మిగులుతుంది.

"ఇదేమిట్రా, ఆదిలాబాద్ ఓజాలు డోక్రా బొమ్మలు చేసే పద్ధతే కదా!" అన్నాను.

"అదే మాస్టారూ" అన్నాడు మావాడు గర్వంగా. మొహెంజొదారో నాట్యగత్తె బొమ్మ ఈ పద్ధతిలోనే పోశారు. నాలుగువేల ఏళ్ళ పైమాట. ఆ పాత విద్యని 1907లో అమెరికాలో విలియం టాగర్ట్ అనే పళ్ళ డాక్టరు బంగారపు పూరకాలు పోతపొయ్యడానికి వాడి చూపించాడు. దంతవైద్యంలో ఈ పోత పద్ధతి బాగా వ్యాపించింది అక్కణ్ణించే.

పద్ధతి ఒకటే గాని, పనిలో ఒక పెద్ద తేడా ఉంది. డోక్రా ఏనుగు తొండం వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే ఏనుగుకి వచ్చిన నష్టం లేదు. పైగా అదో అందం. పంటి తొడుగు వెళ్ళి ఇంకొకదాని మీద కూర్చోవాలి. అది ఎంత అందంగా ఉన్నా, ఆ రెండోది ఒప్పుకుంటేనే ఇది మంచిది. కరిగిన లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. వీళ్ళు వాడే నికెల్ క్రోమియం లోహమైతే నూటికి రెండు పాళ్ళకి పైనే. ఆ తగ్గేదాన్ని ముందే లెక్కగట్టి, మూస అంతమేరా వ్యాకోచించేట్టు చూసుకోవాలి. లేకపోతే బిగుతైపోయి కిందికి దిగదు.

పోత పోశాక అసలు పరీక్ష మొదలవుతుంది. ముందు తొడుగు లోపలి భాగాన్ని భూతద్దం కింద చూడాలి. మూస పోసేటప్పుడు గాలిబుడగ చిక్కుకుంటే, ఆ బుడగలో లోహం చేరి, చిన్న పొక్కులా మిగులుతుంది. అలాంటి పొక్కు ఒక్కటున్నా తొడుగు మొత్తం పైకి లేచిపోతుంది. దాన్ని సన్నటి బర్‌తో తీసెయ్యాలి. తర్వాత డై మీద బలవంతం లేకుండా దించాలి. ఎక్కడో పట్టుకుంటే లోపల రంగు పూసి, అది ఎక్కడ చెరిగిందో చూసి, అక్కడ మాత్రమే, తొడుగునే, కొంచెం అరగదియ్యాలి. ఆ తర్వాత అంచు. చుట్టూరా అంచు పొట్టిగా ఉందా, పొడుగ్గా ఉందా, సందుందా అని చూడాలి. పక్క పళ్ళతో రాపిడి ఎలా ఉందో రంపం తగలని ఇంకో నమూనా మీద చూడాలి. ఎందుకంటే కోసిన నమూనాలో డై కింద ఇసుకరేణువంత ప్లాస్టర్ పలుకు చేరినా ఎత్తు మారిపోతుంది. పై పళ్ళతో కాటు కలిసిందో లేదో 8 మైక్రాన్ల రేకు పెట్టి చూడాలి. మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. పింగాణీ కాల్చాక ఇవన్నీ మళ్ళీ మొదట్నించీ చూడాలి. ఆ వేడికి అంచు ఒంకర తిరగొచ్చు.

"ఇన్ని చూశాక నాది ఎలా తప్పిందిరా?" అన్నాను.

మావాడి మొహం చిన్నబోయింది. అప్పుడే డాక్టరమ్మ దగ్గర్నుంచి వచ్చిన నా క్యాపునీ, నా నంబరున్న నమూనానీ తీశాడు. క్యాపుని డై మీద పెట్టాడు. టక్కున కూర్చుంది. అంచు ఎక్కడా కనిపించలేదు. తర్వాత అరలోంచి ఇంకో డై తీశాడు. ఒకే అచ్చులోంచి రెండోసారి పోసింది, ఎవరూ ముట్టుకోనిది. దాని మీద పెట్టాడు. క్యాపు కూర్చోలేదు. ఓ పక్క లేచి, వేలు వేస్తే ఊగింది.

మొదటి డైని భూతద్దం కింద పెట్టి నన్ను చూడమన్నాడు. ఒకచోట చాకుతో గీకిన గీత. అంచు దగ్గర కాస్త చెక్కు.

"లోపల పొక్కుంది మాస్టారూ. కొత్త కుర్రాడు. పొక్కు వెతికి తియ్యాల్సింది పోయి, డైనే గీకేశాడు. గీకాక చక్కగా కూర్చుంది. ఆ చెక్కుపోయిన అంచుకి సరిపోయేట్టు తొడుగు అంచు కూడా అరగదీశాడు. ఇప్పుడు పొక్కు తీసినా అంచు పొట్టిదైపోతుంది. మళ్ళీ మైనం దగ్గర్నించీ చెయ్యాల్సిందే."

"అంటే జవాబు రావడంలేదని లెక్కనే మార్చేశాడన్నమాట."

"మీ క్లాసులో నేను చేసిన పనే" అన్నాడు మావాడు. ఇద్దరం నవ్వుకున్నాం గాని, నా నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

మీరు గమనించారో లేదో, ఇది మామూలు మోసం కాదు. తక్కువ తూకపు రాళ్ళు పెట్టే వ్యాపారికి తను మోసం చేస్తున్నానని తెలుసు. ఇక్కడ అలా కాదు. గీకేసిన మరుక్షణం తొడుగు నిజంగానే సరిపోతుంది. గీకినవాడికే 'చూశారా, సరిపోయింది' అని కళ్ళెదుట సాక్ష్యం దొరుకుతుంది. తప్పు చేసినవాడు తన తప్పుకి తనే దొంగసాక్షి. మన చుట్టూ ఎంత వ్యవహారం ఇలా నడుస్తోందో ఆలోచించండి. ఫైలు ప్రకారం ఊళ్ళో బావి తవ్వారు, కొలతలూ బిల్లులూ అణాపైసలతో సరిపోయాయి. బావి మాత్రం లేదు. రిజిస్టరు ప్రకారం పిల్లలంతా బళ్ళో ఉన్నారు. పిల్లలు చేలో ఉన్నారు. నమూనాకి సరిపోతే చాలు, నోటి సంగతి దేవుడెరుగు!

అయితే ఆ కుర్రాడి తరఫున వాదించే ప్లీడరు ఎవరైనా ఉంటే, అతను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అది నేనే అడిగాను. "ఒరేయ్, అసలు సందే లేని తొడుగు లోకంలో ఉందా?"

లేదుట. 1971లో మెక్లీన్, ఫాన్ ఫ్రాన్‌హోఫర్ అనే ఇద్దరు పరిశోధకులు అయిదేళ్ళపాటు వెయ్యికి పైగా తొడుగులనీ పూరకాలనీ పరిశీలించి, అంచు దగ్గర 120 మైక్రాన్ల దాకా సందుంటే ఫరవాలేదని తేల్చారు. ఇప్పటికీ ఈ విద్యలో అందరూ ఆ అంకెనే తలుచుకుంటారు. అంటే ఒక తలవెంట్రుక మందం కంటే ఇంకా కొంచెం ఎక్కువే. శాస్త్రమే వెంట్రుకవాసి తప్పుని క్షమించేసింది. ఏదో ఒక సందు తప్పదని పెద్దలంతా ఒప్పుకున్నాక, ఆ కుర్రాడు ఇంకో వెంట్రుక వదిలితే అది పాపమెలా అయింది? క్షమించదగిన పొరపాటు ఎక్కడ ఆగుతుంది, క్షమించరాని నిర్లక్ష్యం ఎక్కడ మొదలవుతుంది? నూట ఇరవై పుణ్యమూ, నూట ఇరవయ్యొకటి పాపమూనా?

మావాడు కాసేపు ఆలోచించాడు. "అంకె కాదు మాస్టారూ. ఆ నూట ఇరవై ఉన్నది, అన్నీ చూసి, చెయ్యగలిగిందంతా చేసి, ఇంక తగ్గించలేక మిగిలినదానికి. చూడకుండా వదిలేసినదానికి కాదు. వీడు వదిలింది ఎనభయ్యో, మూడొందలో వీడికే తెలీదు. తెలుసుకునే దారి వీడే గీకేశాడు. ఒకవేళ అదృష్టం బాగుండి ఎనభయ్యే అయినా, తప్పు తప్పే."

లెక్కల్లో నలభై దాటనివాడు నాకు ఈ జవాబు చెప్పాడు. నేను ముప్ఫై అయిదేళ్ళు పాఠం చెప్పి కూడా దీన్ని ఇంత సూటిగా ఎవరికీ చెప్పలేదు.

ఆ మాటకొస్తే ఇప్పుడు కంప్యూటర్లొచ్చాయి కదా, చాకుతో గీకే అవకాశమే ఉండదేమో అనుకున్నాను. 1985లో స్విట్జర్లాండులోని జూరిచ్‌లో మొదటిసారి రోగి కుర్చీలో ఉండగానే కెమెరాతో కొలిచి, యంత్రంతో పింగాణీ పూరకం మలిచి పెట్టారు. ఇవాళ ఈ ల్యాబులోనూ ఓ మూల స్కానరుంది, పక్కన మిల్లింగ్ మెషీనుంది. "అందులో సిమెంటుకి ఎంత ఖాళీ వదలాలో అంకె కొట్టాలి మాస్టారూ. తొడుగు దిగడంలేదని ఆ అంకె పెంచేస్తే చాలు, ఏ పన్నుకైనా వదులుగా దిగిపోతుంది" అన్నాడు మావాడు. చాకు పోయి అంకె వచ్చింది. గీకే చెయ్యి అక్కడే ఉంది.

మనకో పాత కథ ఉంది. రాజుగారు రాత్రిపూట తలా ఒక చెంబెడు పాలు తెచ్చి చెరువులో పొయ్యమన్నాట్ట. అందరూ పాలు పోస్తుంటే నా ఒక్కడి నీళ్ళు తెలుస్తాయా అని ప్రతివాడూ నీళ్ళే పోశాట్ట. తెల్లారి చూస్తే చెరువు నిండా నీళ్ళు. ఈ కథ చెప్పి చిన్నప్పుడు మమ్మల్ని భయపెట్టేవాళ్ళు. కానీ ఆ కథలో రాజుగారు అదృష్టవంతుడు. ఆయనకి తెల్లారింది! పంటి విషయంలో తెల్లారడానికి అయిదేళ్ళో, పదేళ్ళో పడుతుంది. అప్పటికి ఆ కుర్రాడు ఎక్కడుంటాడో, డాక్టరమ్మ ఏ ఊళ్ళో ఉంటుందో! పన్ను ఊడితే వయసైపోయిందనుకుంటాను గాని, ఫలానా రోజు ఫలానా పొక్కు అని ఎవరనుకుంటారు? పట్టుబడే భయం ఉన్నచోట నీతికి పోలీసులు చాలు. పట్టుబడే అవకాశమే లేనిచోట ఏది పనిచెయ్యాలి? అంతరాత్మ అంటారు. సరే, ఆ అంతరాత్మకి కూడా నరం తీసేసి ఉంటే?

ఇంతకీ ఆ కుర్రాడు అంత దుర్మార్గుడా? దూరంగా ఓ బల్ల దగ్గర తలొంచుకుని మైనం గీస్తున్నాడు. ఇరవై రెండేళ్ళుంటాయేమో. వాడికి యూనిట్ల లెక్కన కూలి. ఎన్ని చేస్తే అంత. తిరిగొచ్చినదానికి మళ్ళీ ఇవ్వరు. సాయంత్రం అయిదింటికి డెలివరీ బండి వెళ్ళిపోతుంది. ఇన్నిసార్లు భూతద్దం కింద పెడుతూ కూర్చుంటే ఆ రోజుకి నాలుగు తక్కువవుతాయి. ల్యాబు అతన్ని తొందరపెడుతుంది, ల్యాబుని డాక్టర్లు తొందరపెడతారు, డాక్టర్లని నాబోటివాళ్ళం అయిదొందలు తగ్గించమని తొందరపెడతాం. నేను తగ్గించిన ఆ అయిదొందలు ఎవరి జేబులోంచి, ఎన్ని నిమిషాల కింద పోయాయో నాకు తెలీదు. భూతద్దం కింద పెట్టాల్సిన ఆ నిమిషాలే కావచ్చు. ఆ మాట మావాడితో అంటే, "అలాగని వాడిది తప్పు కాకుండా పోదు మాస్టారూ" అన్నాడు. నిజమే. వాడి తప్పులో నాకు వాటా ఉంది, అంతే. వాటాదారులు పెరిగినంత మాత్రాన అప్పు తగ్గదు.

ఇక్కడిదాకా రాసి కలం మూసేస్తే ఇది పరులకి చెప్పే నీతి అయ్యేది. కానీ ఆ మధ్యాహ్నం ఇంటికి నడిచొస్తుంటే, ఆ నంబర్లేసిన దవడలు నన్ను వదల్లేదు. పేరు లేని మనిషి, నంబరు, ముక్కకింతని కూలి, సాయంత్రం బండి. ఇవన్నీ నేను ఎక్కడో చూశాను.

1989 వేసవి. పదో తరగతి లెక్కల పేపర్లు దిద్దడానికి స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్ళాను. పేపరుకింతని ఇచ్చేవారు. పేర్లుండవు, కోడ్ నంబర్లే. ఆ రోజు ఆఖరి కట్ట. అయిదున్నర బస్సు తప్పితే రాత్రికి గాని ఇంటికి చేరను. ఇంట్లో మా పెద్దవాడికి జ్వరం. గబగబా దిద్ది, మార్కులు కూడి, కట్ట అప్పగించి, పరుగున వెళ్ళి బస్సెక్కాను. బస్సు ఊరు దాటాక గుర్తొచ్చింది. ఒక పేపరుకి వెనకాల అడిషనల్ షీటొకటి దారంతో కట్టి, మడతపెట్టి ఉంది. దాన్ని నేను విప్పలేదు. ఆ పేపరుకి నేను వేసిన మొత్తం ముప్ఫై ఒకటి. పాసు ముప్ఫై అయిదు.

మర్నాడు పొద్దున్న వెళ్ళేసరికి ఆ కట్ట ఇంకా పక్కగదిలో చీఫ్ ఎగ్జామినరు బల్ల మీదే ఉంది. నేను కళ్ళారా చూశాను. వెళ్ళి 'అయ్యా, ఒక కాగితం చూడలేదు, ఒక్కసారి ఇప్పించండి' అంటే అయిపోయేది. అనలేదు. అంటే నలుగురిలో చులకనైపోతానని జంకు. నాకు నేను చెప్పుకున్న మాటలు ఇవాళ్టికీ గుర్తున్నాయి. అటూ ఇటూ నాలుగు మార్కుల తేడా ఎవరు దిద్దినా వస్తుంది. మోడరేషన్ ఉంటుంది. ఏమన్నా ఉంటే పైన సరిచేసుకుంటారు. ఆ షీటులో కొట్టేసిన లెక్కే ఉందేమో. నూట ఇరవై మైక్రాన్ల మాట నాకప్పటికి తెలీదు గాని, దాన్నే చెప్పుకున్నాను. సందులన్నీ సిమెంటు పూడుస్తుందని డాక్టరమ్మతో వాదించాను చూడండి, ఆ వాదన నాకు కొత్త కాదు.

ఆ షీటులో ఏమీ లేకపోవచ్చు. ఉండనూవచ్చు. ఆ నంబరు అబ్బాయిదో, అమ్మాయిదో కూడా నాకు తెలీదు. ఆ రోజుల్లో పదో తరగతి తప్పిన ఆడపిల్లకి మర్నాడు పెళ్ళి సంబంధాలు చూసేవారు. మగపిల్లవాడైతే పొలానికో, లారీ క్లీనరుగానో పోయేవాడు. ఎవరైనా ఇప్పటికి యాభై దాటి ఉంటారు. తన లెక్క తప్పిందనే అనుకుని ఉంటారు గాని, ఒక మాస్టారు ఒక మడత విప్పలేదని అనుకోరు. ఫిర్యాదు చెయ్యరు. నొప్పి ఎక్కణ్ణించి వచ్చిందో తెలియనివాళ్ళు ఎవరి మీదని చేస్తారు?

ఆ పిల్లవాడో పిల్లో తప్పిపోయారన్నది కాదు నన్ను బాధించేది. అది నాకు తెలీదు. తెలుసుకోగలిగినప్పుడు తెలుసుకోలేదు. మావాడు చెప్పిన తేడా అదే. పొరపాటున మడత విప్పకపోవడం నూట ఇరవై లోపలిదే. బస్సుకి తొందరపడ్డ మనిషెవడైనా చేస్తాడు. బల్ల మీద కట్ట కనిపిస్తుండగా పక్కనుంచి నడిచిపోయాను చూడండి, అక్కడ నేను చాకు తీశాను.

అలాగని ఇక ఈ లోకంలో ఎవరూ ఎక్కడా వెంట్రుకవాసి వదలకూడదని నేననడంలేదు. ఆ ల్యాబులో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఒకటుంది. మైనం పెట్టే ముందు డై మీద లక్కలాంటి పూత ఒకటి పూస్తారు, ముప్ఫై మైక్రాన్ల ప్రాంతంలో. ఎందుకంటే తొడుగు మరీ అతుక్కున్నట్టు సరిపోతే సిమెంటుకి చోటు ఉండదు, పూర్తిగా కిందికి దిగదు. కావాలనే కాస్త ఖాళీ వదలాలి. కానీ ఆ పూత అంచుకి ఇంకా మిల్లీమీటరు ఉందనగానే ఆపెయ్యాలి. లోపల కొంచెం చోటు, అంచు దగ్గర మాత్రం దగ్గరితనం. సంసారాలకీ ఇది పనికొస్తుందేమో ఆలోచించండి. మా ఆవిడతో అంటే, "నలభై అయిదేళ్ళ తర్వాత తెలిసిందా?" అంది.

వారం గడిచాక కొత్త క్యాపు వచ్చింది. మావాడు దాన్ని బండిలో పంపలేదు. ఆ కుర్రాణ్ణే ఇచ్చి పంపాడు. "వాణ్ణి పనిలోంచి తీసెయ్యలేదుట్రా?" అని ఫోన్లో అడిగాను. "తీసేస్తే పక్క ల్యాబులో చేరి ఇదే చేస్తాడు మాస్టారూ. అందుకని మీ పన్ను వాడి చేతే మళ్ళీ చేయించాను. కూలి కూడా ఇచ్చాను. వాడు ఇంతవరకూ ఒక్క నోరూ చూడలేదు. చూడనివ్వండి" అన్నాడు. నా పన్ను మళ్ళీ వాడి చేతిలో పడిందని గుండె ఒకసారి గుభేలుమన్నా, ఏమీ అనలేకపోయాను.

డాక్టరమ్మ క్యాపు పెట్టింది. దారం దూర్చింది. నీలం కాగితం కొరికించింది. అంచు చుట్టూ సూది తిప్పింది. కుర్రాడు కుర్చీ వెనకాల గోడకి ఆనుకుని, ఊపిరి బిగబట్టుకుని చూస్తున్నాడు. నా నోట్లోకి, తన చేతి పని వెళ్ళి కూర్చున్న చోటికి, తొంగి తొంగి చూస్తున్నాడు. డాక్టరమ్మ "ఊఁ" అంది, సిమెంటు కలపమని నర్సుకి చెప్పింది.

అంతా అయ్యాక నేను లేస్తుంటే ఆ కుర్రాడు దగ్గరికొచ్చి, చాలా నెమ్మదిగా, "కూర్చుందాండీ? ఎక్కడన్నా తగులుతోందా సార్?" అని అడిగాడు.

నాలికతో అంచంతా వెతికాను. ఎక్కడా దొరకలేదు. "కూర్చుంది బాబూ" అన్నాను.

వాడి మొహంలో వచ్చిన వెలుగు చూసి నాకు అసూయ కలిగిందంటే నమ్మండి. నేనూ అలా ఒక్కరిని అడగాల్సి ఉంది. నంబరు తప్ప నా దగ్గర ఏమీ లేదు. ఆ నంబరూ మర్చిపోయాను.